లెక్కలోకి రాని జెల్ల

మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, గాలమ్మ చిక్కుపడిన దారాన్ని పంటితో విప్పుతోంది. తెల్లవారినప్పటి నుంచీ ఇదే బాగోతం. తను ఎప్పుడూ నిలబడే చోట ఎవరో కుర్చీ వేసుకుని తిష్ఠ వేశారు. ఎర డబ్బా మూత ఊడి సంచి అంతా కంపు కొడుతోంది. వారమంతా ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిన వేళ్ళు బిరుసెక్కి, సన్నటి దారం చేతిలో ఉందో లేదో తెలియడం లేదు.

ఆ పేరు లాండ్రీలో వాళ్ళు పెట్టింది. సెలవు దొరికితే చాలు, ఆమె ఈ చెరువు దగ్గరే. అంత సన్నటి దారంతో ప్రపంచంలో ఎవరూ పట్టనంత పెద్ద జెల్ల చేపను పట్టాలి, గాలపు వేట సంఘం రికార్డుల్లోకి ఎక్కాలి. అదీ ఆమె పంతం. ఒకసారి చేప ఒడ్డుదాకా వచ్చి దారం తెంపుకుపోయింది. ఇంకోసారి చేప దక్కింది, తూచబోతే కాటా మొరాయించింది. మరోసారి అన్నీ కుదిరాయనుకుంటే, దేశం కాని దేశంలో ఎవరో అంతకుముందే ఆ రికార్డును పైకి జరిపేశారని తెలిసింది. ఆ రోజంతా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

సంఘం నియమాల్లో ఒక్కదాని గురించి మాత్రం ఆమెకు బెంగ లేదు. చేప ఒడ్డున పడేదాకా గాలపు కర్రను మరో చెయ్యి తాకకూడదు. ఆమె పనిలో చెయ్యి వేసేవాళ్ళెవరు గనక? మొగుడు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇల్లు కాలుతున్నా పక్కకు ఒత్తిగిలి పడుకునే రకం.

ఆ మనిషే రొప్పుతూ గట్టు దిగి వచ్చాడు.

"ఏమే, తాళంచెవి నువ్వే పట్టుకొచ్చేశావు. నేను బయట ఉండిపోయాను."

"సంచిలో ఉంది, తీసుకుని వెళ్ళండి."

అప్పుడే కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమంటూ తిరిగింది. ఆమె చేపను లాగనిస్తూ, అది అలిసినప్పుడు దారం చుట్టుకుంటూ, భుజాలు గుంజుతున్నా పట్టు సడలించలేదు. నాచు మీద కాలు జారి ఒక్కసారిగా నడుము దాకా కూరుకుపోయింది. చేతులు మాత్రం కర్రను వదల్లేదు. వెనక దభీమని చప్పుడైంది. మొగుడు ప్యాంటుతో సహా నీళ్ళలోకి దూకి ఆమె చేతుల పైన కర్రను గట్టిగా పట్టుకున్నాడు.

"వదలండి! మీకు దణ్ణం పెడతా, వదలండి!"

"వదలనే, భయపడకు! నేనున్నాగా!"

జెల్ల ఒడ్డుకొచ్చింది. మీసాలతో, మనిషంత పొడవున, నల్లగా నిగనిగలాడుతూ.

గట్టు మీద సంఘం కాటా దగ్గరుండే పెద్దాయన రెండుసార్లు తూచి కళ్ళద్దాలు తీసేశాడు. "అమ్మా, రికార్డు దాటేసింది. ఒక్క మాట. కర్రను ఇంకెవరూ ముట్టుకోలేదుగా?"

గాలమ్మ నోరు తెరిచేలోపు మొగుడు ఛాతీ విరుచుకున్నాడు. "నేను పట్టుకోకపోతే పోయేదేనండీ! ఇద్దరం కలిసే లాగాం."

పెద్దాయన కలం మూత పెట్టేశాడు. చేపను మళ్ళీ నీళ్ళలోకి వదిలేశారు.

దారి పొడుగునా ఆమె వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. ఇంటికొచ్చాక కట్ట తెగింది.

"కాపురానికొచ్చిన నాటి నుంచీ ఒక్క బిందె ఎత్తారా? ఒక్క గిన్నె కడిగారా? ఇవాళే గుర్తొచ్చిందా మీకు చెయ్యి వెయ్యడం?"

"నువ్వు మునిగిపోతున్నావనుకున్నానే," అన్నాడాయన మెల్లిగా. "చేపను నేనసలు చూడలేదు."

ఆమె వంటింటి తలుపు వేసుకుంది. పెరట్లో కాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత మంచం కిర్రుమంది. రీలు తుడుస్తూ కూర్చుంది గానీ ఆ చివరి మాట ఆమెను తుడవనివ్వలేదు. లేచి రెండు కప్పుల టీ పెట్టింది. "ఏమండీ" అని ఒకసారి మామూలుగా పిలిచింది. రెండోసారి గట్టిగా పిలిచింది. భుజం తట్టి చూసింది. ఆయన గోడవైపు ఒత్తిగిలి ఉన్నాడు, ఎప్పటిలాగే, కానీ ఊపిరి లేదు.

పక్కింటివాళ్ళను పిలవడానికి ఆమె పెరట్లోకి పరుగెత్తి, బట్టలారేసే తీగ దగ్గర ఆగిపోయింది. ఆయన మొదటిసారి తనే జాడించుకున్న ప్యాంటు, సరిగా పిండకుండా, తిరగేసి, ఇంట్లో ఉన్న క్లిప్పులన్నీ పెట్టి ఆరేసి ఉంది. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.