తులసి వేసిన రంగు

పొద్దున్నే అంతర్వేది నుంచి సర్వీసు ఆటోలో సఖినేటిపల్లి వచ్చి, దుర్గారావు మేష్టారి కంప్యూటర్ షాపు తలుపులు తియ్యడం, మానిటరు మీద దుమ్ము తుడవడం, అగరొత్తి వెలిగించడం లక్ష్మీతులసి పని. ఆ తరవాత శుభలేఖలు, దినం కార్డులు, రొయ్యల చెరువుల అర్జీలు, ఏదొస్తే అది టకటకా కొట్టి పడేసేది. పంచాయితీ ప్రెసిడెంటు గారైనా సరే, "తులసమ్మ ఉందాండీ?" అని అడిగాకే లోపలికొచ్చేవారు.

వాళ్ళ నాన్న సింహాద్రికి సొంత మోటారు పడవుంది. దానికి చచ్చిపోయిన తన తండ్రి జగ్గయ్య పేరే పెట్టుకున్నాడు. కంప్యూటర్ నేర్చుకునే కొత్తలో అందరూ తమ పేర్లు కొట్టి మురిసిపోతుంటే, ఈ పిల్ల వర్డ్‌లో పడవ పేరు కొట్టింది. నీలం బ్యాక్‌గ్రౌండు, తెల్లక్షరాలు, అచ్చం పడవకున్నట్టే. చూసి ఊరుకుంటే తులసి ఎందుకవుతుంది? ఫార్మాట్‌లోకి వెళ్ళి బ్యాక్‌గ్రౌండు గులాబీ చేసింది. ఆ పూట వేటకెళ్ళిన పడవ గులాబీ రంగులో తిరిగొచ్చింది. పడవకి పెళ్ళి కుదిరిందా అని రేవులో సింహాద్రిని ఆటపట్టించేరు.

అప్పట్నుంచీ ఆ పేజీకి ఏ రంగైతే పడవకీ అదే రంగు. సేవ్ చెయ్యకుండా మూసేస్తే మళ్ళీ నీలం. బ్యాక్‌గ్రౌండు ఎలాగూ ప్రింటులో రాదు కదా, దాంతో ఆటలెందుకని మేష్టారు విసుక్కునేవారు, అంతే.

సింహాద్రికి మాత్రం ఒళ్ళు మండింది. నీలం తన తండ్రి వేసిన రంగు. సముద్రం మీద బతికేవాడికి సముద్రం రంగే మర్యాద అనేవాడు ఆ ముసలాయన. నీ చదువు నా పడవ మీద చూపించకు అని కసిరి, కూతురి చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, ఇంకెప్పుడూ రంగు మార్చనని ఒట్టు వేయించుకున్నాడు. తులసికి ఏడుపొచ్చింది. అయినా మాట తప్పలేదు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. పడవలన్నీ ఒడ్డుకి చేరేయి, సింహాద్రి వెళ్ళిన జగ్గయ్య తప్ప. ఇంజను ఆగిపోయిందో ఏమో తెలీదు. మర్నాడు వెతకడానికెళ్ళినవాళ్ళు ముసురులో తడిసి ముద్దై తిరిగొచ్చేరు. నీలం నీళ్ళలో నీలం పడవ, పక్కనుంచి పోయినా కనపడదని తలలు దించుకున్నారు. ఇంకోసారి వెళ్తాం గానీ ఆశ పెట్టుకోవద్దన్నారు.

తల్లి రమణమ్మ చెయ్యి పట్టుకుని తులసి ఆటో ఎక్కి షాపుకొచ్చి పడింది. కరెంటు పోతోంది, వస్తోంది. పేజీ తెరిచి, మౌసు మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయింది. తండ్రి నెత్తిన వేసిన ఒట్టాయె. తప్పితే తగిలేది ఆయనకే.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే," అంది రమణమ్మ. "ముందు మనిషి గట్టెక్కాలి."

తులసి ఎరుపు పెట్టింది. ముసురులో ఎరుపు నల్లగా కనిపిస్తుందని రమణమ్మ వద్దంది. పసుపు పెడితే ఎండుగడ్డిలా వెలిసిపోయింది. అప్పుడు కనకాంబరం రంగు పెట్టింది. మబ్బు కమ్మిన గదిలో ఆ తెర దీపంలా వెలిగింది. దాని మీద తెల్లక్షరాలు ఆనడం లేదని వాటిని నల్లగా, లావుగా చేసింది. ఇంతలో కరెంటు మళ్ళీ పోయింది, యూపీఎస్ కీచుకీచుమంటోంది.

"ఈసారి సేవ్ చెయ్యి తల్లీ," అన్నారు మేష్టారు మెల్లిగా.

సేవ్ చేస్తే తాత రంగు ఇక లేనట్టే. తులసి కళ్ళు తుడుచుకుని సేవ్ చేసింది. ఆ వెంటనే తెర ఆరిపోయింది. తల్లీకూతుళ్ళు అక్కడే బెంచీ మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రానికి కబురొచ్చింది. నరసాపురం వైపు బోటువాళ్ళకి, బూడిదరంగు సముద్రం మీద కనకాంబరాల కుప్పలా ఏదో కనిపించిందట. దగ్గరికెళ్తే నల్లక్షరాలు, జగ్గయ్య అని. తాడు కట్టి లాక్కొచ్చేరు. రేవంతా జనం. సింహాద్రి నీరసంతో మాట్లాడలేకపోయేడు. పడవలో పనిచేసే వీరబాబే అందరికీ చెప్పేడు.

"అందరం ఆశ వదిలేసుకున్నామండి. కాళ్ళ కింద చెక్కలు రంగు మారేయి. మా సింహాద్రి బాబాయి చూసి ఏవన్నాడో తెలుసా? మా అమ్మాయి వెతుకుతోందిరా, ఇంక భయం లేదు, పడుకోండి అన్నాడండి."

రమణమ్మ ఏడ్చేసింది. తులసి మాత్రం ఏడవలేదు, అంతమందిలో తలెత్తుకుని నిలబడింది. గర్వం ఉండదూ మరి?

ఒంట్లో ఓపిక రాగానే సింహాద్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎన్నడూ గుమ్మం తొక్కని ఆ షాపుకి వచ్చేడు. మేష్టారికి దణ్ణం పెట్టి, పనిమీద వచ్చే అందరిలాగే కూతురి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"మా నాన్న పేరు కింద నీ పేరు కొట్టమ్మా."

తులసి పేజీ తెరిచి, మౌసు మీద చెయ్యి వేసి అడిగింది.

"ఏ రంగులో నాన్నా?"

"నీ ఇష్టం," అన్నాడు సింహాద్రి.

తులసి కొట్టడం మొదలెట్టింది. అంతర్వేది రేవులో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పని ఆపి, పడవ మీద ఒక్కొక్కటే లేస్తున్న అక్షరాల్ని కూడబలుక్కుని పైకే చదివేరు.