కాజాలు కుట్టే దూరం

కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లు చేసే చిన్న డాక్టరమ్మకు ఒక అధ్యయనం తలకెత్తుకోవాలని రెండేళ్లుగా కోరిక. రెండు వందల మందికి ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి చూపు కొలవాలి. గోడమీది అక్షరాల బోర్డుకు ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, ఎన్ని వరసలు చదివారో రాసుకోవాలి. అంతే. పెద్ద డాక్టరు ప్రణాళిక చదివి, బాగానే ఉంది గానీ ముందు ఓ అయిదుగురితో సరిచూసుకోమన్నాడు.

ఆ అయిదుగురిలో ఆమె మేనమామ ఒకరు. ఆయన దర్జీ. చేత్తో కాజాలు కుట్టడంలో అందెవేసిన చెయ్యి. ఎదురొచ్చిన మనిషిని పోల్చుకోలేక, పలకరించకుండా పోతున్నాడని ఇరుగుపొరుగు చేత మాటలు పడుతున్నాడు. ఆపరేషన్‌కు ముందు కుడికంటితో రెండు వరసలు చదివి ఆగిపోయాడు. ఆరు వారాలయ్యాక చివరి వరస కూడా గడగడా చదివేశాడు. ఆ అంకె రాసుకుంటూ ఆమె తలెత్తి చూసింది. ఆయన ముఖంలో సంతోషం లేదు.

"ఏం మామయ్యా, సరిగ్గా కనబడ్డం లేదా?"

"వీధి చివర ఎవరొస్తున్నారో చెప్పగలను. సూదిలో దారం మాత్రం ఎక్కించలేకపోతున్నానమ్మాయ్. దగ్గర పనికి ఇదివరకు ఆ కన్నే నాకు ఆసరా. కళ్లజోడు కూడా అక్కర్లేకపోయేది."

ఆమె కలం కింద పెట్టేసింది. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి దూరపు చూపు మసకబారినా, దగ్గరివి కళ్లజోడు లేకుండానే ఆనుతాయని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషే. ఆపరేషన్‌లో కంటి లోపల దగ్గరి చూపుకు సరిపడే లెన్సు పెట్టే వీలూ ఉంది. సొంత మామయ్యే కదా, తెలియనిదేముందిలే అని ఏమీ అడగకుండా దూరానికే పెట్టేసింది.

"కళ్లజోడు రాసిస్తాను. తప్పు నాదే మామయ్యా. ముందే అడగాల్సింది."

"అడిగుంటే చెప్పేవాణ్ణే," అన్నాడాయన, నిష్ఠూరమేమీ లేకుండా.

ఆ వారమే ప్రణాళిక తిరగరాసింది. రోజంతా రోగులు చూసేదేమిటో ముందే అడగాలి. పనిచేసుకునే దూరాన్ని టేపుతో కొలిచి, ఆ దూరంలోనూ చూపు పరీక్షించాలి. తర్వాత ఎలా ఉందో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. పెద్ద డాక్టరు పెదవి విరిచాడు. మనిషికి పావుగంట అదనమైతే రెండు వందల మంది ఎప్పటికి పూర్తవుతారని ఆయన వాదన. నూటయాభై మందితో చేస్తానందామె. అంత తక్కువైతే ఎవరూ ఖాతరు చెయ్యరన్నాడు. లాగిలాగి నూట డెబ్బై దగ్గర ఒప్పుకున్నాడు.

మేనమామ కళ్లజోడుతో పని సాగించాడు గానీ వేగం తగ్గింది. రెండో కంట్లోని శుక్లం సంగతి ఆమె ఎత్తితే మూడు నెలలు మాట దాటవేశాడు. ఆ తర్వాత తనే వచ్చి, దీనికి దగ్గరి లెన్సు పెట్టమన్నాడు. ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరికి అయితే మొదట్లో తల తిరిగినట్టుంటుందని ఆమె ఈసారి అన్నీ విడమరిచి చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించుకుని సరేనన్నాడు.

అలవాటు పడడానికి ఆయనకు నెలన్నర పట్టింది.