కోసేసిన నలభై సెకన్లు

రేడియోలో కథ అంటే పద్నాలుగున్నర నిమిషాలు. ఆ తర్వాత భూమి బద్దలైనా సరే, ప్రకటన వచ్చి తీరాలి. ముప్పై ఏళ్లు ఆ గడియారానికి ఊడిగం చేశాను. చేతిలో బ్లేడు, మెడలో హెడ్‌ఫోన్లు, పక్కన టేపు ముక్కలు అతికించే తెల్ల పట్టీ. నేను అతికించిన చోటు ఎంతటి చెవికీ దొరకదని పేరు. మా వాళ్లు నన్ను 'కత్తెర' అనేవారు. చేతిలో ఉన్నది బ్లేడు కదా అంటే వినేవాడెవడు?

రిటైరయ్యాక మళ్లీ పిలిచారు. పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎక్కడున్నవాళ్లయినా వినేలా పెడతారట. పాత యంత్రం నడపడం ఇప్పుడెవరికీ రాదు. గతిలేనమ్మకు గంజే పానకం అన్నట్టు, వాళ్లకు నేను దిక్కయ్యాను.

ఎక్కించే పని ఒక అమ్మాయిది. ఏది అడిగినా "క్లౌడ్‌లో ఉంది తాతగారూ" అంటుంది. అందుకని నేను మబ్బులమ్మాయి అని పేరు పెట్టాను. పని మాత్రం శ్రద్ధగా చేస్తుంది, కాదంటే కళ్లు పోతాయి. ఒక్కో రికార్డింగుకూ ఒక్కో పేజీ తయారుచేసి, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నీ రాసి, అడుగున ఒక వాక్యం చేరుస్తుంది: 'చెప్పినవారి నోట వచ్చినది వచ్చినట్టుగా.' చెప్పినవాళ్లు బతికుంటే పిలిపించి, వినిపించి, సంతకం తీసుకుంటుంది.

అలా ఒక ఉదయం వాన కథ చెప్పిన పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటాయి. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కథ మా రేడియోకు పేరు తెచ్చిన కథ. పాతికేళ్లలో ఎన్నిసార్లు వేశామో చెప్పలేను. అక్కణ్ణించి పిల్లల పాఠ్యపుస్తకంలోకి కూడా వెళ్లింది.

రీలు తగిలించి మీట నొక్కాను. పాతికేళ్ల కిందటి గొంతు గది నిండా పరుచుకుంది. కరువొచ్చిన ఊరు. అందరూ ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటే, ఒక పిల్ల మాత్రం వానను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కొండలెక్కుతుంది, అడవులు దాటుతుంది, ఏళ్ల తరబడి తిరుగుతుంది. చివరికి వానను కుండలో పట్టుకుని ఇంటికొస్తుంది. "కుండ దించింది. మూత తీసింది. ఊరంతా చల్లబడింది." అంతే. రీలు తోక టపటప కొట్టుకుంది. యంత్రం ఆపాను.

పెద్దావిడ ఇంకా చెవి ఒగ్గే ఉంది.

"మిగతాది?" అంది.

"అంతేనమ్మా కథ," అంది కూతురు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మిగిలింది నువ్వు తర్వాత కల్పించుకున్నావు." మా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమనుకోకండి. మతిమరుపు. పిల్లలకి ఇంకోలా చెప్తుంది. వాళ్లేమో పుస్తకం తెచ్చి చూపిస్తారు, అమ్మమ్మా తప్పు చెప్తున్నావని. ఇప్పుడసలు కథలే మానేసింది."

"నా కథ నాకే రానప్పుడు ఇంకేం చెప్తానే," అంది పెద్దావిడ. కోపంగా కూడా అనలేదు. బల్ల మీది పెన్ను అందుకుని, "ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ రీలు చివర ఉన్న అతుకు నాదే. ఆ రోజు కథ పదిహేను నిమిషాల పది సెకన్లు వచ్చింది. నలభై సెకన్లు ఎక్కువ. మధ్యలో కొయ్యడానికి చెయ్యి రాలేదు. అప్పుడు 'ఊరంతా చల్లబడింది' అన్న మాట దొరికింది. ఇంతకన్నా మంచి ముగింపు బ్రహ్మదేవుడు కూడా రాయలేడనుకుని అక్కడ తెగ్గోసి, మిగిలిన ముక్క చెత్తబుట్టలో పడేశాను. పై అధికారి భుజం తట్టాడు. ఆ మెచ్చుకోలు ఇన్నేళ్లూ నలుగురికీ చెప్పుకు తిరిగాను.

నోరు మూసుకుంటే ఈ గదిలో ఎవరికీ తెలియదు. నా పేరు నిలుస్తుంది. ఈవిడకు మతిలేదన్న మాట కూడా, నిక్షేపంగా, నిలిచిపోతుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"సంతకం పెట్టకండమ్మా," అన్నాను. "మీరేం మర్చిపోలేదు. ఆ చివర నేనే కోసేశాను."

కూతురు నావైపు నమ్మలేనట్టు చూసింది. ముందుగా తేరుకున్నది మబ్బులమ్మాయే.

"ఆ ముక్క ఎక్కడైనా ఉందా తాతగారూ?"

"చెత్తబుట్టలో వేశాను తల్లీ. దానికి క్లౌడ్ లేదు."

"పోనీ, ఆవిడ గొంతు ఉంది కదా. కంప్యూటర్‌తో అదే గొంతులో చెప్పించొచ్చు."

"మనిషి ఎదురుగా కూర్చునుంటే గొంతు తయారుచేస్తావా?" అని కసిరాను. పాపం, దాని తప్పేముంది?

పెద్దావిడ పెన్ను కింద పెట్టింది. "నువ్వు విన్నావు కదా బాబూ. ఏముంది అందులో? చెప్పు, మా అమ్మాయి వింటుంది."

కొయ్యాల్సిన చోటు కోసం నాలుగుసార్లు విన్నాను దాన్ని. మర్చిపోవాలన్నా పోలేదు.

"కుండ మూత తియ్యగానే అందరూ తడవడానికి వీధిలోకి పరిగెత్తారు. ఇన్నేళ్లు ఎక్కడున్నావు, ఏం తిన్నావు అని ఆ పిల్లని ఒక్కరూ అడగలేదు. ఆ పిల్ల గడప మీద కూర్చుని, ఎవరైనా వెనక్కొస్తారేమోనని చూస్తూ ఉంది."

"అదే," అంది పెద్దావిడ. "అదే నేను చెప్పేది."

మళ్లీ చెప్పండి, రికార్డు చేసుకుంటామంది మబ్బులమ్మాయి. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నేను చెప్తే ముసల్ది కల్పించిందంటారు. ఆయన చెప్పాలి. కోసింది ఆయన."

ముప్పై ఏళ్లలో నేను మైకు ముందు కూర్చున్నది లేదు. స్టూడియో అద్దం అవతల ముగ్గురు ఆడవాళ్లు చూస్తుండగా కూర్చున్నాను. ఈ కథ ఇక్కడితో అయిపోలేదని, చివర కోసింది నేనని, చెప్పినావిడ జ్ఞాపకంలో ఏ లోపమూ లేదని చెప్పి, ఆ చివర ఏముందో కూడా చెప్పాను. కథ విందామని వచ్చిన ప్రతివాళ్లూ ముందు నా మాట వినాలని, ఆ తర్వాతే కథ రావాలని మబ్బులమ్మాయిని అడిగాను. సరేనని, పేజీ అడుగునున్న వాక్యం కొట్టేసింది.

నేను బయటికొచ్చేసరికి కూతురు తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"పాతికేళ్లు నీతో వాదించానమ్మా," అంటోంది.

"నువ్వు వాదిస్తే ఏముందే," అంది పెద్దావిడ. "నాతో నేనే వాదించుకుని ఓడిపోయాను."

క్షమించమని అడుగుదామనే వచ్చాను. ఆ మాట విన్నాక, వెళ్లి కూతురి పక్కనే నేల మీద కూర్చున్నాను.