బడిగోడ దగ్గరి పోతరాజు

వాగు పొంగి మా ఊరి కల్వర్టును ఎత్తుకుపోయిన ఏడు జరిగింది ఇది. ఎక్కడి కంపెనీవో నీలం డ్రమ్ములు వరదలో తేలుతూ వచ్చి మా చేన్లలో ఆగిన ఏడు అంటే ఇంకా బాగా గుర్తుపడతారు. కర్దనూర్ దిక్కు ఎవరినడిగినా చెబుతారు.

నేను ఎక్కువ మాట్లాడను. మూడో తరగతితో బడి వదిలేశాను. తర్వాత ఎడ్లతో మాట్లాడాను. అవి అమ్ముడుపోయాక మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుని, వచ్చే లారీలకు తలూపాను. తలూపితే లారీ లోపలికి పోతుంది, మాటలెందుకు? ఇది చూసి మా ఊళ్లో నన్ను గంభీరమైన మనిషి అనుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే అనుకునేవాణ్ని.

నా మనవరాలు నిషిత మా ఊరి సర్కారు బడిలో తొమ్మిదో తరగతి. వరద తగ్గి, బడిలో బురద ఎత్తిపోశాక వాళ్ల ధనలక్ష్మి మేడం కళల వారం పెట్టింది. వారమంతా పిల్లలు బొమ్మలు చేయడం, పాటలు కట్టడం, నాటకాలాడడం. అందులో బాగున్నవాటిని ఏరి సంగారెడ్డిలో జిల్లా పిల్లలందరి మధ్య పెడతారట. నిషిత చదువులో అంతంతమాత్రం, ఆటల్లోనూ అంతే. దేనికీ దాని పేరు ఎవరూ పిలవలేదు. ఈసారి వరద తెచ్చిపోసిన ఒండ్రుమట్టితో ఏదో చేస్తున్నానంది. ఏమిటని నేను అడగలేదు. సాయంత్రాలు నేను మంచం మీద కూర్చుంటే ఎదురుగా కూర్చుని నా దిక్కే చూసేది. ఫోన్ అడగడానికి జంకుతోందనుకుని నేనే తీసి చేతికిచ్చాను. తీసుకుంది కూడా.

ఇక సత్తయ్య. నా ఈడువాడు. మా ఊళ్లో ఏ దేవునికైనా మొదటి కొబ్బరికాయ అతనిదే. బోనాలకు, బోరు వేస్తే, ఆఖరికి సెల్ టవర్ లేపిన రోజు కూడా. ఎవరూ ఇచ్చిన హక్కు కాదు. అందరికంటే ముందు లేస్తాడు, అంతే. నాది ఎప్పుడూ రెండోది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గాని లోపల మండుతూనే ఉండేది.

ఆ శుక్రవారం పొద్దున్నే బడి వెనక సందులోంచి వస్తుంటే, గోడ పక్కన వేపచెట్టు కింద పోతరాజు కనిపించాడు. గొంతుక్కూర్చుని, చేతిలో కర్రతో, కొబ్బరిపీచు మీసాలతో, గుడ్లురిమి చూస్తున్నాడు. ముందు ఎవరో రెండు బంతిపూలు పెట్టారు. నా కళ్లకు శుక్లాలున్నాయి గాని దేవుణ్ని గుర్తుపట్టలేనంత కాదు. పోతరాజంటే అమ్మవార్ల తమ్ముడు, ఊరి కావలి. వరద మళ్లీ బడి మీదికి రాకుండా నిలిపారనుకున్నాను. పెద్దమనిషిని, నాకు ఒక్క మాట చెప్పలేదని కోపం వచ్చింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. దేవుని ఒంటి మీద పసుపు లేదు. అంటే సత్తయ్య ఇంకా రాలేదు.

ఆ రోజు ఉరికినట్టు నా పెళ్లినాడు కూడా ఉరకలేదు. ఇంట్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ వెతుకుతుంటే మా ఇంటిది రాజవ్వ అడ్డం వచ్చింది.

"ఏడికి గింత జల్దీ?"

"దేవుడు," అన్నాను.

"ఏ దేవుడు?"

అదంతా చెప్పే తీరిక ఎక్కడిది?

పసుపు నీళ్లలో కలిపి నెత్తి నుంచి కాళ్ల దాకా పూశాను. మట్టి గటగటా తాగేసింది. దాహం గల దేవుడనుకున్నాను. చెవులు చూస్తే మాత్రం చేసినవాళ్లకు చెయ్యి తిరగలేదనిపించింది. దేవునికి చేటలంత చెవులేమిటి? ముక్కు కూడా ఒక పక్కకు పోయింది. అయినా దేవుని రూపానికి వంక పెట్టకూడదని చెంపలేసుకుని, కొబ్బరికాయ కొట్టి, నా మోకాళ్ల నొప్పి తగ్గించమని మొక్కాను.

తిరిగి వస్తుంటే సత్తయ్య ఎదురొచ్చాడు.

"ఏందిర కొమురయ్యా, చేతులు పచ్చగున్నయ్?"

"పోతరాజు. బడి కాడ. కొట్టిన," అన్నాను. ఏ మాటా అంత తీయగా నా నోట్లోంచి రాలేదు.

మధ్యాహ్నం నిషిత ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"నానమ్మా, చెట్టు కింద ఆరవెట్టిన నా బొమ్మకు ఎవలో పసుపు పూసిన్రు. ఊరంత వచ్చి మొక్కుతున్నరు. సంగారెడ్డికి నా బొమ్మనే ఏరిన్రు, రేపే తీస్కపోవాలె. మేడం ముట్టవోతే సత్తయ్య తాత ముట్టనిస్తలేడు. కొబ్బరికాయ కొట్టిన దేవున్ని లేపొద్దంట. గద్దె కట్టిపిస్తడంట, ఆయితారం మేకను కోపిస్తడంట!"

"దేవుని బొమ్మ చేసినవా బిడ్డా?" అంది రాజవ్వ.

"దేవుడు గాదు. తాత!"

"ఏ తాత?"

"మన తాత!"

రాజవ్వ నా మొహం చూసింది, నా పచ్చటి చేతులు చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. లోపల ఏదో చప్పుడైంది. గిన్నెలది మాత్రం కాదు.

నాకు నవ్వు రాలేదు. పిల్ల పేరు మొదటిసారి పిలిచారు, దాని బొమ్మ బయలుదేరకముందే నేను పోయి పసుపు పూసి కూర్చోబెట్టాను. "పా, నేను చెప్త," అన్నాను.

నిషిత ఏడుపు ఆపింది. "నువ్వా? మాట్లాడుతవా?"

దారిలో ఒకటి రెండు అబద్ధాలు కట్టి చూశాను. పోతరాజు నా కలలోకొచ్చి సంగారెడ్డి పోతానన్నాడని చెప్పడం వాటిల్లో బాగున్నది. కాని అబద్ధానికి మాటలు ఎక్కువ కావాలి. నిజానికి రెండు చాలు. ఆ రెండూ అంటే ఇక ఊళ్లో నా గాంభీర్యం చెల్లదని తెలుసు. సత్తయ్య నేను కాటికి పోయేదాకా వదలడు.

వేపచెట్టు కింద ఊదుబత్తుల పొగ. పక్కింటి పుష్పమ్మ కళ్లు మూసుకుని మొక్కుతోంది. మేడం ఓ పక్కన దిగులుగా నిలబడింది. సత్తయ్య ఆమెకు నచ్చజెబుతున్నాడు.

"ఎవలు చేసిన్రన్నది గాదు మేడం. కాయ కొట్టినంక గది బొమ్మ గాదు. మొదటి కాయ కొట్టింది ఎవలో ఎర్కేనా? కొమురయ్య. ఆయన ఉత్తగ కొట్టే మనిషి గాదు. కావాల్నంటే అడుగున్రి, గిదో వచ్చిండు."

"గది దేవుడు గాదు," అన్నాను.

"మరేంది?"

"నేను."

పుష్పమ్మ కళ్లు తెరిచింది.

"నువ్వేందిర?" అన్నాడు సత్తయ్య.

"గా బొమ్మ. పిల్ల నన్నే చేసింది. నేను గుర్తువట్టలే."

"అంటె నీకు నువ్వే కొబ్బరికాయ కొట్టుకున్నవా?"

"ఔ."

"పసుపు?"

"పూసుకున్న."

"మొక్కినవా?"

"మోకాళ్ల గురించి."

మొదట నవ్వింది మేడమే. సత్తయ్య నమ్మలేదు. "కూసో దాని పక్కన," అన్నాడు. కర్ర పట్టుకుని బొమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు రెండూ టకటకమన్నాయి.

"అయ్యో, గవే చెవులు!" అని కేకేసింది పుష్పమ్మ. "ముక్కు సూడున్రి, గట్లనే వంకర వోయింది!"

ఇక ఎవరినీ ఆపేది లేదు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి పుష్పమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "మరి నా మొక్కో? మా బాలరాజ్‌ను కంపెనీల పర్మినెంట్ చెయ్యాలని మొక్కిన. గదంత నీకు మొక్కిన్నా, కొమురన్నా?"

"ఎవ్వలికి చెప్పను," అన్నాను.

"నువ్వేడ చెప్తవ్, నీకు మాటలొస్తేనాయె!"

సత్తయ్య ఒక్కడే నవ్వలేదు. అతని నుదుటికి మట్టి అంటి ఉంది. అంటే సాగిలపడి మొక్కాడన్నమాట. ఆ మట్టి నేను చూడడం అతను చూశాడు. తువ్వాలతో నుదురు తుడుచుకుని, "మేడం, జల్దీ తీస్కపోన్రి దీన్ని," అన్నాడు. "వీనికి గద్దె కట్టిపిచ్చినమంటే పక్కూరోళ్లు మన ఊరికి పిల్లనియ్యరు."

నిషిత తడిగుడ్డతో పసుపు తుడవబోయింది. పసుపు పోలేదు గాని మీసం కింద పెదవి చెదిరింది. మేడం చెయ్యి పట్టుకుని ఆపింది. "రంగు తేడా ఉందని సంగారెడ్డిలో అడిగితే ఏం చెబుదాం?" అంది.

నిషిత బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత అట్టముక్క మీద 'తాత. చేసింది: నిషిత' అని ఉన్నచోట కింద ఇంకో వరుస రాసింది: 'పసుపు: కొమురయ్య.' నేను కూడబలుక్కుని చదివాను. ఓటరు కార్డు తర్వాత నా పేరు అంత పెద్దగా చూడడం అదే. ఏం చేసినందుకు వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పుకునేటట్టు లేదు.

తెల్లారి మా ఊరి నవీన్ ఆటోలో బొమ్మను ఒళ్లో పెట్టుకుని సంగారెడ్డికి బయలుదేరాను. పక్కన నిషిత, వెనక స్కూటీ మీద మేడం. దారిలో ఇంకెవరూ మొక్కకుండా నా తువ్వాలతో బొమ్మ మొహం కప్పాను. ఈ తెలివి నిన్ననే ఉంటే బాగుండేదనుకున్నాను. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో ఆగింది. షిఫ్టుకు పోతున్న బీహారు పిల్లగాడొకడు చూసి, చెప్పులు విడిచి దండం పెట్టాడు. వాణ్ని చూసి వెనకవాళ్లూ పెట్టారు. వినాయకుణ్ని తెచ్చేటప్పుడు మొహానికి గుడ్డ కట్టే తెస్తారన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"తాతా, తువ్వాల తియ్యి!" అంది నిషిత, నవ్వు ఆపుకోలేక.

తీశాను. ఆ పిల్లగాడు బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు.

"అరే చాచా, యే తో ఆప్ హో!"

ఔ, నేనేనని తలూపాను. "మేరీ పోతీ బనాయీ," అన్నాను వచ్చిన హిందీలో.

వాడు నిషితకు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆటో కదిలింది. రుద్రారంలో ఆగితే అక్కడ టీ తాగుతున్న వాళ్లకు, ఎవరూ అడగకముందే, నా మనవరాలు చేసిందని చెప్పాను. పెట్రోలు బంకులో చెప్పాను. మా పక్కన ఆగిన లారీ డ్రైవర్‌కు చెప్పాను. కంది దాటాక నవీన్ వెనక్కి తిరిగి, "ఇగ చాలు తాతా," అన్నాడు.