ఆఖరి భాగం బాగాలేదు

శాంతమ్మ ఒడిలోంచి ఇంకో పువ్వు తీసి, రేకులను వెనక్కి విరిచి పట్టుకుంది. ఎడమ చేత్తో మొగ్గ మీది ఎర్ర కాగితపు గొట్టాన్ని లేపింది. నిన్న సాయంత్రం రేకులూ పుప్పొడీ గిల్లేయగా మిగిలిన లేత కొన బయటపడింది. దాని చుట్టూ పువ్వును మెత్తగా మూడుసార్లు తిప్పి, గొట్టం మళ్లీ తొడిగి, కాడకు దారం కట్టి పక్క కొమ్మకు జరిగింది. ఒక్క మగ పువ్వుతో నాలుగు ఆడ మొగ్గలు. ఐదో దానికి పోతే పుప్పొడి చాలదు.

అది విత్తనం పత్తి చేను. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున పుప్పొడి రుద్దాలి. గద్వాల చుట్టుపక్కల ఈ మూడు నెలలూ ఆడవాళ్ల చేతులకు తీరిక ఉండదు. శాంతమ్మకు ఇది ఇరవై రెండో పంట. కుడి బొటనవేలి గోరు మొగ్గ గిల్లడానికని పెంచిందే. అది నల్లబడి, అంచున చిన్న గాటు పడి, కొడవలి మొనలా వంగి ఉంటుంది. యాభై దాటిన మనిషి. సన్నటి మెడ, ఎండకు మాడిన చెంపలు, ఎదుటివాళ్ల మాట ఏదీ నమ్మనట్టు సగం మూసిన కళ్లు.

"శాంతక్కా, ఆ రెక్కల రాజు సచ్చిండా, బతికిండా?" మూడో సాలులోంచి జములమ్మ కేకేసింది.

"సచ్చినా బాగుండు. బువ్వకాడ చెప్త, చేతులు ఆడించు."

"నిన్నటి సంది గిదే మాట. ఆఖరి భాగం సదివినవా లేదా?"

"సదివిన."

ఆ ఒక్క మాటకు పక్క సాలులో సుమన చేతులు ఆగిపోయాయి. శాంతమ్మ అటు చూడలేదు. చూడకపోయినా తెలిసింది.

ఆ చేనులో ఎనిమిది మంది ఆడవాళ్లు. వాళ్లలో నవలలు చదివేది శాంతమ్మ ఒక్కతే. చదివిన కథను మర్నాడు సాలులో నడుస్తూ చెబుతుంది. చెప్పినంతసేపూ తిడుతుంది. కథ కన్నా ఆ తిట్లే వాళ్లకు ఇష్టం. ఆరు పంటల నుంచీ ఇదే అలవాటు. చేను యజమానురాలు వెంకటమ్మ కూడా "నోరు ఆడితే చేతులు ఆడుతయి" అని ఊరుకుంది.

కోటీశ్వరుడు పనిపిల్లను ప్రేమించిన నవల వస్తే, "మూడొందల పేజీలల్ల ఆ పిల్ల ఒక్కసారి గూడ గిన్నెలు తోమలే. మరి ఏం పనిపిల్ల?" అని అడిగింది. కథానాయకుడు చెయ్యి పట్టుకుని గుంజితే అమ్మాయి గుండె ఝల్లుమన్న నవలను సగంలోనే మూసేసింది. "మేస్త్రి గుంజితే కొడవలి చూపిస్తం. వీడు కారున్నోడు గనుక ఝల్లుమనాల్నా?" అంది. ఏడు రాజ్యాలు, మాయకత్తి, మాట్లాడే గద్ద ఉన్న నవలైతే మరీ కోపం. "పన్నెండేండ్లు యుద్ధం చేసిండ్రంట. అన్నేండ్లు ఎవడు దున్నిండు? ఎవతె నాటేసింది? గుర్రాలు గూడ గాలి తిని బతికినయా?"

ప్రేమ గురించి మాట వస్తే ఒడిలోని పూలు చూపించేది. "పొద్దుగాల మూడు గంటలల్ల వెయ్యి పెండ్లిళ్లు చేస్త నేను. నాకు చెప్తరా ప్రేమ సంగతి?"

ఈ పంటలో మొదలైన కథ "వెండిరెక్కల యువరాజు". ఫోనులో నలభై రెండు భాగాలుగా వచ్చింది. రాసినామె పేరు నీలాంబరి అని ఉంది. అందులో మంచుకోట ఉంది, శాపం ఉంది, వెన్న లాంటి చేతులున్న యువరాణి ఉంది. పది రోజులుగా శాంతమ్మ దాన్ని సాలు సాలుకూ ఉతికి ఆరేస్తోంది. తొమ్మిది రోజులు సుమన కూడా అందరితో కలిసి నవ్వింది. నిన్న సాయంత్రం ఆటోలో పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

"పెద్దమ్మా, నీలాంబరి అంటే నేనే."

ఆటో కాలువ వంతెన దాటింది. తర్వాత సుమనే అంది, "రేపు ఆఖరి భాగం చెప్తవు గద. నువ్వు బాగుందంటే ఇంకోటి రాస్త. లేదంటే ఇడిసిపెడ్త. జీసస్ తోడు, ఇంకెవల మాటా నాకు అక్కర్లేదు."

సుమన డిగ్రీ రెండో ఏడులో ఆపేసిన పిల్ల. అన్న శ్రీశైలం ఆపించాడు. పనికి పంపుతూ ఒకే షరతు పెట్టాడు. ఫోను వల్ల పనిలో ఒక్క మాట వచ్చినా దాన్ని బాయిలో పారేస్తానన్నాడు. అనడమే కాదు, చేసే మనిషే. ఆ ఫోనులోనే ఆమె రాసింది, రాయబోయేది అంతా ఉంది.

ఈ తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుని శాంతమ్మ ఆఖరి భాగం రెండుసార్లు చదివింది. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత యేసయ్యతో పెళ్లి, పుణె వలస. పన్నెండంతస్తుల మేడ కట్టేచోట రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. అంతకు ముందు ఉండి వెళ్లిన తెలుగువాళ్లెవరో ఒక సిమెంటు సంచీ నిండా నవలలు వదిలేశారు. ఇరవై ఏడు. చంకలో కూతురు మానస పాలు తాగుతుంటే, మధ్యాహ్నం అరగంటలో అవన్నీ చదివింది. ఆ ఇరవై ఏడింటిలో తట్ట మోసే ఆడమనిషి ఒక్కతే దొరికింది, అదీ సగం పేజీకి. ఆమె గోడ కూలి చచ్చిపోతుంది. కారులో వెళ్తున్న కథానాయకుడు దిగి కన్నీరు పెట్టుకుంటాడు. అది చూసి కథానాయిక అతని మంచి మనసు తెలుసుకుంటుంది. శాంతమ్మ ఆ పేజీని చింపి పొయ్యిలో పెట్టింది. అదే ఆమె మొదటి అభిప్రాయం.

మరుసటి ఏడు యేసయ్య ఆ మేడ మీదినుంచే పడ్డాడు. ఏ కారూ ఆగలేదు. పిల్లను ఎత్తుకుని ఊరికి వచ్చేసింది. అప్పటినుంచి కథలో ఎవరైనా అబద్ధం చెబితే, తనను చూసి చెప్పినట్టే మండుతుంది. భర్త లేడు, భూమి లేదు. మానస అలంపూర్ దగ్గర అత్తగారింట్లో ఉంది. శాంతమ్మకు తనదని చెప్పుకోవడానికి కథల మీద తన మాట ఒక్కటే ఉంది. శాంతక్క బాగుందంటే బాగుంది, లేదంటే లేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పుప్పొడి ఎండిపోయింది. అందరూ మోటరు కొట్టం నీడకు చేరారు. సుమన సద్ది విప్పింది గానీ తినలేదు. మునివేళ్లకు అంటిన పసుపును చీర కొంగుతో రుద్దుతూ కూర్చుంది.

"ఇగ చెప్పు," అంది జములమ్మ, ఉల్లిగడ్డ కొరుకుతూ.

"చెప్పేదేముంది? రాజు సచ్చిండు. యువరాణి ఏడ్చింది. కన్నీళ్ల సుక్క పడంగనే లేసిండు."

"అయ్యో, లేసిండా!" ఒకామె సంతోషపడింది.

"లేసిండు. మా ఇంట్ల గూడ ఏడ్చిన. బిందెడు ఏడ్చిన. ఎవడూ లేవలే."

ఎవరూ నవ్వలేదు. సుమన తల వంచుకునే ఉంది. శాంతమ్మ ఒక ముద్ద మింగింది. మంచి మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది. పిల్ల చిన్నది, ఒక్క మాట అంటే ఏం పోతుంది? "బాగుంది" అంటే మూడు అక్షరాలు. నీళ్లు తాగింది. నోరు తెరిచేసరికి వేరేది వచ్చింది.

"నలభై రెండు భాగాలు. అన్నీ అబద్ధాలే. మంచుకోట రాసినామె మంచు చూడలే, నేనూ చూడలే. మనకెందుకు ఆ కోట? ఆ యువరాణి నవ్వితే ముత్యాలు, నడిస్తే హంస. ఆకలైతదని ఒక్క దినమన్న అన్నదా? నాలుగో భాగంల పూలదాసి ఒకతె వస్తది. ఎంత కడిగినా వేళ్ల పసుపు పోక, అన్నంల సేదు తగుల్తదని ఎడమచేత్తో తింటది. గది ఒక్కటే నిజం, ఆరు వరసలు. ఆ దాసిని మల్ల కనిపియ్యకుండ చేసింది రాసినామె. నిజం చెప్పేదాన్ని ఎల్లగొట్టి, అబద్ధాన్ని కూసోబెట్టింది. ఆఖరి భాగం బాగలేదు. మొత్తం గూడ బాగలేదు."

"గంత కోపమెందుకే, ఉత్త కథకు?" అంది జములమ్మ.

"ఉత్తదైతే నేనెందుకు సదవాలె?"

సుమన సద్ది మూట కట్టేసింది. లేచి ఒక్కతే చేనులోకి నడిచింది. "దానికేమైంది?" అని ఎవరో అడిగారు. "ఎండ," అంది శాంతమ్మ.

మూడింటికి మొగ్గలు గిల్లడం మొదలైంది. రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, అడుగున గోరు దించి, చుట్టూ తిప్పి, రేకులనూ లోపలి పుప్పొడి గింజలనూ ఒక్క ఊపులో లాగేయాలి. కొన మాత్రం నిలవాలి. వెంటనే ఎర్ర గొట్టం తొడగాలి. గింజలు మిగిలితే మొగ్గ తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అలాంటి కాయలు కలిస్తే విత్తనాల కంపెనీ పరీక్షలో విత్తనమంతా తీసి పక్కన పెడతారు, ఏడాది పంట పోతుంది. సుమన చేతులు ఎంత వేగంగా ఆడుతున్నాయో శాంతమ్మ ఓరకంట చూసింది. మరీ వేగం. ఆ పిల్ల చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోవడం లేదు.

తన సాలు చివరికి వచ్చి వెనక్కి తిరిగేటప్పుడు శాంతమ్మ ఆగి, సుమన ముగించిన సాలులో ఒక గొట్టం ఎత్తి చూసింది. రేకులు ఉన్నాయా అంటే లేవు. గింజలు మాత్రం ముత్యాల్లా కొన చుట్టూ అలాగే ఉన్నాయి. ఇంకోటి ఎత్తింది. అదీ అంతే. పది చూస్తే ఏడు అంతే. ఆమె గబగబా గిల్లడం మొదలుపెట్టింది. గొట్టం తీయడం, గోరుతో గింజలు గీకడం, మళ్లీ తొడగడం. ఇరవై అయ్యాయో లేదో వెనక చెప్పుల చప్పుడైంది.

"ఏం చేస్తున్నవ్?" వెంకటమ్మ.

వెంకటమ్మ పొట్టి మనిషి, వెడల్పు బొట్టు. చేతిలో గొడుగు కర్ర. శాంతమ్మ జవాబు చెప్పేలోపే నాలుగు గొట్టాలు ఎత్తి చూసింది. ఐదోది విరిచి నేలకు కొట్టింది.

"ఎవతెదే ఈ సాలు? నా ఇల్లు ముంచనీకె వచ్చిన్రా మీరు? ఎవతెది?"

పనులు ఆగిపోయాయి. రెండు సాళ్ల అవతల సుమన నిటారుగా నిలబడింది. ఆమె చెయ్యి జాకెట్టులో దాచిన ఫోను మీదికి వెళ్లింది.

"నాదే," అంది శాంతమ్మ.

"నీదా? ఇరవై ఏండ్ల సంది గిల్లుతున్నవ్, నీదా?"

"కండ్లు ఆనుత లేవు. ముసలిదాన్నైన."

"కథలు చెప్పనీకి ఆనుతయి కండ్లు! రాజులు, రాణులు అని పొద్దంతా నోరు పారేసుకుంటివి, ఇగో గిది అయింది. దిగు చేన్ల నుంచి. రేపు రాకు. నీ సంగతి ఊరంత చెప్త, ఎవడు పిలుస్తడో చూస్త!"

ఆరు పంటల్లో శాంతమ్మ మాట్లాడకుండా ఉండటం వాళ్లు చూసింది అదే మొదలు. ఆమె సాలు దాటి గట్టెక్కింది. చీర కుచ్చెళ్లకు అంటిన మట్టి దులుపుకుంది. జములమ్మ రెండడుగులు వేసి, వెంకటమ్మ వైపు చూసి ఆగిపోయింది.

బండ్ల బాట మలుపు దగ్గర సుమన పరుగెత్తుకుంటూ వచ్చి అందుకుంది.

"పెద్దమ్మా! ఎందుకు చెప్పినవ్ గట్ల? నేను పోయి ఒప్పుకుంట."

"ఒప్పుకో. మీ అన్న ఫోను బాయిలేస్తడు. నువ్వు ఏడుస్తవు, ఆ మాట్లాడే గద్ద వచ్చి తీసిస్తదా?"

సుమన ఏడుస్తూనే నవ్వబోయి, నవ్వలేకపోయింది. "బువ్వకాడ గంత మాటన్నవు. ఇప్పుడేమో..."

"అది వేరు, ఇది వేరు."

"జర ఒక్క మాట బాగుందంటే పోయేది."

శాంతమ్మ ఆగింది. ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆమె కళ్లు ఎప్పటిలాగే సగం మూసి ఉన్నాయి.

"బాగలేదు," అంది. "ఇప్పుడడిగినా అదే చెప్త. పో, ఆ సాలు మల్ల గిల్లు. పొద్దు వంగుతుంది, మొగ్గలు రేపటికి ఆగయి."

"మరి నువ్వు?"

"మానసకాడికి పోత. ఆడ మిరప చేన్లున్నయి."

శాంతమ్మ రోడ్డు వైపు నడిచింది. సన్నటి ఆకారం. కుడి చెయ్యి శరీరానికి కాస్త దూరంగా పట్టుకుని, గోరు దేనికీ తగలకుండా. గద్వాల ఆటో ఒకటి ఆగి, దుమ్ము లేపి, వెళ్లిపోయింది. దుమ్ము దిగేసరికి బాట మీద ఎవరూ లేరు.

సుమన తిరిగి వచ్చి ఆ సాలులో మొదటి మొక్క దగ్గర కూర్చుంది. ఒక్కో గొట్టమే ఎత్తి, ఒక్కో గింజే గీకింది. జములమ్మ అడగకుండానే వచ్చి అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. వెంకటమ్మ గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడే ఉంది. సాయంత్రమంతా గోళ్ల చప్పుడే వినిపించింది.

పని దిగేటప్పుడు చూశారు. పంట మొదట్లో ఆకుల దురదకని వెంకటమ్మ తలా ఒక పాత చొక్కా ఇస్తుంది, చీర మీద తొడుక్కోవడానికి. వెళ్లిపోతూ శాంతమ్మ తనది విడిచి, మోటరు కొట్టం తలుపు గొళ్లేనికి తగిలించింది. మెడ దాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. దాని కుడి చెయ్యికి మోచేతి దాకా, సాలులో గీకిన పచ్చి గింజల పసుపు పట్టి, అది ఇంకా తడిగానే ఉంది.