పైడయ్య ఎక్కిన తాడు

నేను ఒక తాడుని. విజయనగరం వైపు జనపనారతో పేని, రైలెక్కించి, ఒక పటాలానికి అప్పగించారు. అక్కడి వ్యాయామ మైదానంలో ఎత్తైన దూలానికి వేలాడటమే నా ఉద్యోగం. నన్ను పట్టుకుని పైకెక్కి దూలం ముట్టుకుంటేనే జవాను పరీక్ష గట్టెక్కినట్టు. ఆ పరీక్షలో బరువు కూడా తూస్తారు గనక మనుషులు తూకం యంత్రాన్ని మోసం చేయాలని చూస్తారు, పాపం! పరీక్ష ముందురోజు నీళ్ళు మానేసి, మండుటెండలో రెయిన్‌కోటు తొడుక్కుని పరిగెడతారు. ఒంట్లో నీరు పోతుంది గానీ పొట్ట ఎక్కడికీ పోదు. నా దగ్గరికొచ్చేసరికి చేతుల్లో సత్తువ ఉండదు.

హవల్దారు పైడయ్య కూడా ఆ పనే చేసి, సగంలో జారి కిందపడ్డాడు. ఒకప్పుడు మంచుకొండల్లో కాపలా కాసిన మనిషి. ఆఫీసు డ్యూటీకొచ్చాక పూరీలూ హల్వాలూ అతన్ని గెలిచాయి. రక్తంలో చక్కెర పెరిగిందని డాక్టరు తేల్చాడు. ఇంకోసారి తప్పితే పై హోదాకెక్కి నాయబ్ సుబేదారు కావడం కల్ల, హవల్దారుగానే ఇంటికి పోవాలి. పైడయ్య ఎవర్నీ తిట్టలేదు. రోజూ తెల్లవారకముందే వచ్చి నన్ను పట్టుకునేవాడు. జారేవాడు. మళ్ళీ పట్టుకునేవాడు. నెలలు గడిచేకొద్దీ అతను తేలికవడం నా పీచుపీచుకీ తెలిసింది. నాకు అతనంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

మలి పరీక్షకు ముందురోజు పటాలం పుట్టినరోజు వచ్చింది. నా పక్కనే షామియానా వేసి బడాఖానా పెట్టారు. ఆ విందులో అధికారులే జవాన్లకు స్వయంగా వడ్డిస్తారు. వద్దనడం మర్యాద కాదు. కర్నల్ గారు లడ్డూ పట్టుకుని ముందుకొస్తే, పైడయ్య పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మన్నించండి సాబ్. రేపు తాడెక్కాలి."

అందరూ నోళ్ళు తెరిచారు. పైడయ్య ఊరివాడే అయిన వంటమనిషి గవరయ్య అతని చెవిలో గొణిగాడు. "ఓరి మావా, సాబు సేత్తో పెడతంటే వద్దంటావేటి? సగం ముక్కయినా కొరుకు!"

"సగం ముక్కల్తోనే కదరా ఇంతోణ్ణయినాను!"

కర్నల్ గారు తన బొజ్జకేసి ఒకసారి చూసుకుని, లడ్డూ వెనక్కి తీసుకున్నారు. మర్నాడు పైడయ్య ఊపిరి బిగబట్టి, అరచేతులు ఒరుసుకుపోతున్నా వదలకుండా ఎక్కి దూలం ముట్టుకున్నాడు. నేను గర్వంతో ఊగిపోయాను.

ఇప్పుడు నా నార చీకిపోయింది. రేపు దించేసి పాత సామాన్ల కొట్లో పడేస్తారట. ఈ ఉదయం మైదానంలో జవాన్లెవరూ లేనప్పుడు కర్నల్ గారు వచ్చి నన్ను పట్టుకున్నారు, వెంటనే జారి కూర్చుండిపోయారు. ఆయన వెంట వచ్చిన నాయబ్ సుబేదారు పైడయ్య నవ్వలేదు. ఆయనను లేపి, నా కొస బిగించి పట్టుకుని, "ఇంకోసారి, సాబ్" అన్నాడు.