చెట్టు పక్కన ఎర్రకోటు

"బ్యాటరీలు పెట్టుకున్నావా?" అని ఆయన గుమ్మం దగ్గర అడిగారు.

చెవులకి ఏమైనా కట్టుకున్నావా అని కాదు, నిన్నంతా దగ్గుతూనే ఉన్నావు ఇప్పుడెలా ఉంది అని కాదు. కెమెరా బ్యాటరీలు చలికి తొందరగా నీరసపడిపోతాయి. ఒంటి వేడి తగిలేలా దాచి ఉంచితే చాలాసేపు పనిచేస్తాయి. ఆ ఒళ్ళు ఎప్పుడూ ఆమెదే. స్వెట్టరు లోపల, గుండెకి ఓ పక్కగా తనే కుట్టుకున్న చిన్న జేబులో, చలికాలం పొడుగునా రెండు బ్యాటరీలు కోడిపిల్లల్లా వెచ్చగా పడుకునేవి. ఇంటికొచ్చాక కెమెరాని అప్పుడే బయటికి తీయకుండా, అద్దం మీద ఆవిరి పట్టకుండా, సంచిలోనే ఉంచి గది వెచ్చదనానికి మెల్లగా అలవాటు చేయడం కూడా ఆమె పనే. పసిపిల్లకి నీళ్ళు పోసి తెచ్చినట్టు తేవాలి దాన్ని.

"పెట్టుకున్నాను," అంది.

అబద్ధం కాదు. కాకపోతే ఆమె చేతిసంచిలో టీ ఫ్లాస్కు కింద తువ్వాలులో చుట్టిన మరో కెమెరా ఉంది. కూతురు కొత్తది కొనుక్కుని, "అమ్మా, ఇది నువ్వుంచుకో, నాన్నకి చెప్పకు, పాఠాలు మొదలుపెడతారు," అని ఇచ్చి వెళ్ళింది. రెండింటికీ ఒకే రకం బ్యాటరీ పడుతుంది. ఈ రోజు తను చెట్టు పక్కన నిలబడదు. ఫొటో తీస్తుంది. అంతవరకు తేల్చుకుంది. ఆ మాట ఆయనతో ఎక్కడ అనాలో, ఎలా అనాలో మాత్రం తేలలేదు. ఇంత వయసొచ్చి, మనవల్ని ఎత్తుకున్న మనిషి, ఒక్కమాట చెప్పడానికి బడిపిల్లలా వణకడమేమిటని తన మీద తనకే చిరాకు.

ఆయన నగరపాలక సంస్థ తోటల విభాగంలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ పెద్ద పార్కుని మూలమూలా కొలిచిన మనిషి. ఆకులు రాలిపోయాక గానీ చెట్టు అసలు స్వరూపం తెలియదని ఆయన సిద్ధాంతం. అందుకే పెళ్ళయిన ఏడాది నుంచీ ప్రతి చలికాలం, చెరువు చివరనున్న ముసలి చెట్టుకి ఒకే చోట నిలబడి ఫొటో తీస్తున్నారు. ఎత్తు తెలియడానికి పక్కన ఏదో ఒకటి ఉండాలి కదా. గుర్తులు గీసిన కర్ర పెడితే చాలు. "కర్ర పెడితే ఆఫీసు కాగితంలా ఉంటుంది. మనిషైతే ఫొటోకి ప్రాణం," అన్నారు. ఆ ప్రాణం ఆమె. మానుకి ఒక అడుగు ఎడంగా, కెమెరాకి వీపు పెట్టి నిలబడాలి. "ముఖం ఇటు తిప్పకు. ముఖం కనిపిస్తే జనం ముఖాన్నే చూస్తారు, చెట్టుని చూడరు." నిలబడిన ఆమె పొడవుకి చెట్టు ఎన్ని రెట్లుందో ఫొటోలో లెక్కేసి, దాన్ని ఆమె ఎత్తుతో గుణిస్తారు. ఐదడుగుల రెండంగుళాలు. పెళ్ళిరోజు తారీకు మర్చిపోయేవారు గానీ ఆ అంకె ఆయన నోట్లో ఎప్పుడూ తడబడలేదు.

ఎర్రకోటు సంగతీ అంతే. పెళ్ళయిన కొత్తలో, ఆయన మొదటిసారి ఆమెకని ఓ వస్తువు తెచ్చారు. ముదురెరుపు ఉన్ని కోటు. అద్దం ముందు ఎన్నిసార్లు తొడుక్కుందో, ఎన్నిసార్లు విప్పి మడతపెట్టిందో. అక్కకి చూపించి, "చూశావా, పైకి చెప్పరు గానీ," అని మురిసిపోయింది. నెల తిరక్కుండా తెలిసింది, పొగమంచులో మనిషి ఆకారం చెదరకుండా కనపడాలంటే ఎరుపే మేలట. తర్వాత ఎన్నేళ్ళకైనా ఆ కోటు మార్చనివ్వలేదు. మోచేతుల దగ్గర అతుకులు వేసింది, అస్తరు రెండుసార్లు కుట్టింది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ, "మొగుడు నిలబెట్టిన చోట నిలబడితేనే సంసారం నిలబడుతుందమ్మాయ్," అంటుండేది. ఆవిడ నవ్వుతూ అనేది. ఈమె కూడా నవ్వుతూనే వినేది. అలా నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టిన రోజులు ఎన్నో.

పార్కు గేటు దగ్గర ఆకులు ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని పలకరించింది. "ఏం కొలబద్దమ్మా, వచ్చారా? ఈ ఏడు ఎంత పెరిగిందంట మన చెట్టు?"

పార్కులో పనిచేసే వాళ్ళందరికీ ఆమె కొలబద్దమ్మే. ఎగతాళి కాదు, ముద్దుగానే పిలుస్తారు.

"ఏమో, దాన్నే అడగాలి," అంది ఆమె.

"అది చెప్పదు. మొగాళ్ళ లెక్కలు మొగాళ్ళకే వదిలేసే రకం."

ఆయన అప్పటికే ముందుకెళ్ళిపోయారు. చెరువు అంచుల్లో నీళ్ళు పాలమీగడలా పలచగా గడ్డకట్టాయి. బాతులు ఆ మీగడని పగలగొట్టుకుంటూ ఈదుతున్నాయి. గడ్డి తెల్లబడింది. దూరాన ఊరి మేడలు సగానికి సగం పొగమంచులో మునిగి, పైఅంతస్తులు మాత్రం ఎవరో ఆకాశంలో అతికించినట్టు తేలుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఈ వైపు తిరిగి ఇదంతా ఎప్పుడు చూసింది కనక? నిలబడిన ప్రతిసారీ ముఖం చెట్టు వెనకున్న ప్రహరీ వైపే. ఆ గోడలో ఏ రాయి పక్కన ఏ రాయుందో ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుని చెప్పగలదు.

ఈ దారిన నడిచినప్పుడల్లా ఆమెకి రైలు కూత వినపడుతుంది. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే. ఒక చలికాలం బావగారికి ఎక్కడో దూరదేశాన ఉద్యోగమొచ్చి, పొద్దుటి బండికి ప్రయాణం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ తెల్లవారే కొమ్మకొమ్మకీ మంచు పట్టి, చెట్టంతా వెండితో పోతపోసినట్టు నిలబడింది. "ఒక్క అరగంట," అన్నారు ఆయన. "స్టేషనుకి వెళ్ళాలండీ," అని నాలుగైదుసార్లు అన్నట్టే గుర్తు. అప్పుడన్నారు, "వెలుతురు మళ్ళీ రాదు. మీ అక్క మళ్ళీ వస్తుంది." నిలబడింది. ముఖం గోడకేసి పెట్టి, కదలకుండా. ఆమె పరుగున వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద పావురాలు తిరుగుతున్నాయి. వెలుతురు ఆ తర్వాత ఎన్ని చలికాలాలు వచ్చిందో లెక్కలేదు. అక్క మాత్రం రాలేదు, ఆ దూరపు ఊళ్ళోనే జ్వరమొచ్చి పోయింది. ఆ ఫొటో ఇప్పటికీ పార్కు ఆఫీసు గోడకుంది. చూసినవాళ్ళు, "ఎంత ప్రశాంతంగా ఉందో," అంటారు. ఎర్రకోటుకి అవతలి వైపున ఏముందో వాళ్ళకి కనపడదు కదా.

ఇప్పుడు పార్కు ఆఫీసు వాళ్ళు ఆ ఫొటోలన్నీ కలిపి పుస్తకంగా వేస్తున్నారు. ఈ చలికాలపుదే చివరి పేజీ. ఈమధ్య కొన్నేళ్ళుగా ముసలి చెట్టు మళ్ళీ పెరుగుతోందని ఆయన కనిపెట్టారు. ఏటికేడు కాస్త కాస్త. "ఇంత వయసు చెట్టు ఇలా ఎదగడం ఎక్కడా వినలేదు సార్," అని తోటల విభాగంలో కొత్తగా చేరిన ఆఫీసరు అనుమానంగానే అన్నాడు. ఆయన దాన్ని మెప్పుగా తీసుకున్నారు. పుస్తకం పేరు కూడా అదే పెట్టించారు, 'ఇంకా ఎదుగుతున్న చెట్టు' అని.

రెండు వారాల కిందట ఆమె నడుంనొప్పికని ఎముకల డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది. డాక్టరమ్మ గోడకి నిలబెట్టి, ఎత్తు చూసి, "పెళ్ళినాటికి ఎంత ఎత్తుండేవారో గుర్తుందామ్మా?" అని అడిగింది.

"నాకంటే మా ఆయనకి బాగా గుర్తు. ఐదడుగుల రెండు."

"ఇప్పుడు నాలుగడుగుల పదకొండు. వెన్నుపూసలు అణిగాయి. చాలా ఏళ్ళుగా జరుగుతూ ఉండుంటుంది, ఎవరూ గమనించలేదా?"

బస్సులో కూర్చున్నాక అర్థమైంది ఆమెకి. చెట్టు పెరగలేదు. తను తగ్గింది. ముందు నవ్వొచ్చింది. పక్కసీటామె ఏమిటా అన్నట్టు చూసేంత నవ్వు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. రాత్రి భోజనాల దగ్గర, కంచంలో వడ్డిస్తూ, చెప్పింది. "నేను మూడంగుళాలు తగ్గానట."

"ఊఁ. మాత్రలిచ్చే ఉంటారుగా, మానకుండా వేసుకో," అన్నారు. చేతిలో ఫొటో, పక్కన స్కేలు. ఎడమచేత్తో ఫొటోలోని ఎర్రబొట్టుని కొలుస్తూ, పెదాలు కదుపుతూ, ఐదడుగుల రెండంగుళాలతో గుణిస్తున్నారు. ఇన్నేళ్ళూ ఆమెని భూతద్దం పెట్టి కొలిచిన మనిషి, ఆమె కళ్ళముందే కుంగిపోతుంటే చూడలేదు. పోనీ, చెప్పినా వినలేదు. నిలబడకూడదని ఆమె అనుకుంది అప్పుడే. చేతిలో గరిటె ఉంది.

చెట్టు దగ్గరికొచ్చారు. ఆయన మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, కంటికి చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశారు.

"ఆలస్యం చేయకు. మంచు తేలిపోతోంది. మానుకి ఎడమకి, ఎప్పటిలాగే."

"నేను నిలబడనండి."

"కాళ్ళు లాగుతున్నాయా? రెండు నిమిషాలే."

"కాళ్ళు బాగానే ఉన్నాయి. నేను నిలబడితే మీ లెక్క తప్పుతుంది. ఇప్పటికే తప్పింది." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. వణకడం లేదు. "నా ఎత్తు నాలుగడుగుల పదకొండు. మీరు ఇంకా పెళ్ళికూతురితో గుణిస్తున్నారు."

లెక్కల మనిషి కదా, ఇంకో మాట అక్కర్లేకపోయింది. ఆయన ఆమె వైపు, ఆ పైన చెట్టు వైపు, మళ్ళీ ఆమె వైపు చూశారు. ఆయన ముఖంలో ఆ చెట్టు ఏడాదికింత చొప్పున వెనక్కి తగ్గిపోవడం ఆమెకి కనపడింది. జాలేసింది. జాలి వేసినా నిర్ణయం మారలేదు, అదే ఆమెకి ఆశ్చర్యం.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. మాత్రలు వేసుకోమన్నారు."

ఆయన స్టాండు మీద చెయ్యి వేసి, కాస్త మెత్తగానే, "సరే. లెక్క తర్వాత దిద్దుకుంటాను. ఈ ఒక్కసారికి నిలబడు. వెలుతురు మళ్ళీ రాదు," అన్నారు.

అదే మాట. ఆయనకి గుర్తులేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. గుర్తుండి అంటే కోపమొచ్చేదేమో. గుర్తులేకుండా అన్నారు కనకే, ఇక మాట్లాడాల్సింది ఏమీ మిగల్లేదు.

కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. విప్పి, దులిపి, ఆయన చేతికిచ్చింది. లోపల కూతురి పాత శాలువా ముందే చుట్టుకుని వచ్చింది. "ఇది తగిలించుకోండి ఏ కొమ్మకైనా. కాలరు నుంచి అంచు దాకా టేపు పెట్టి కొలుచుకుంటే సరి. ఇది అణగదు, ముసలిదవదు. ఇన్నాళ్ళూ మీకు కావలసింది ఇదే." స్వెట్టరు లోపలి జేబులోంచి బ్యాటరీలు తీసింది. ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది, ఇంకా వెచ్చగానే ఉంది. "ఇది మీది. రెండోది నాకు కావాలి."

ఆయన ఏమిటని అడిగేలోపే ఆమె తువ్వాలు విప్పింది. కూతురు నేర్పినట్టుగా బ్యాటరీ వేసి, మూత నొక్కి, కెమెరాని కంటికి ఆనించుకుంది. వేళ్ళు చలికి కొయ్యబారాయి గానీ పట్టు తప్పలేదు. చిన్న కిటికీలోకి చెట్టంతా ఒక్కసారే వచ్చింది. ఇన్నేళ్ళు పక్కన నిలబడీ పూర్తిగా చూడని చెట్టు. కొమ్మలు, రెమ్మలు, వాటి కొసల్లో మంచు, వెనక ప్రహరీ మీద తేలుతున్న పొగమంచు. కింద ఎర్రకోటు భుజానేసుకుని ఆయన, అందే కొమ్మ కోసం మునివేళ్ళ మీద సాగుతున్నారు. అందడం లేదు. ఆయన కూడా కుంగిపోయారని అప్పుడే చూసింది.

"ఏమండీ, కాస్త ఎడమకి జరగండి."

ఆయన అలవాటు లేని పని కనక తడబడుతూ ఒక అడుగు జరిగారు. "ఇక్కడా?"

"ఇంకా."

"ఇక్కడా?"

"ఇంకా జరగండి. ఇంకా." ఆయన భుజం, కోటు అంచు, చివరికి బూటు కూడా కిటికీలోంచి తప్పుకునేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది. ఊపిరి బిగబట్టి, మీట నొక్కింది.

ఆ చెట్టు ఎంత ఎత్తో ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.